కుట్ల నొప్పి ఎంతవరకు మామూలు? పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

ఆపరేషన్ తరవాతి నొప్పి గురించి గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలివి. మత్తు, శస్త్రచికిత్స, ఫిజియోథెరపీ విభాగాల వైద్యులు కలిసి జవాబులు రాశారు. మందుల మోతాదులు పెద్దవాళ్ళకు మాత్రమే. మీ డిశ్చార్జి చీటీలో వేరేగా రాసి ఉంటే ఆ చీటీనే పాటించండి.

ప్రశ్న: మా అమ్మకి 64 ఏళ్ళు. వచ్చే నెల బరంపురంలో కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్. మా వీధిలోనే ఇద్దరికి ఇదే ఆపరేషన్ అయింది. ఒకావిడ నాలుగో రోజుకే వాకర్ పట్టుకుని పెరట్లో తిరిగారు. ఇంకొకావిడ నెల దాటినా రాత్రుళ్ళు నిద్ర లేక ఏడ్చేవారు. చేసిన డాక్టరు ఒకరే. తేడా ఎక్కడొస్తుంది? మేం ముందే చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఉంది, అదీ ఈ నెలలోనే. ఆపరేషన్ బల్ల ఎక్కకముందు ఉన్న పరిస్థితే తరవాతి నొప్పిని చాలావరకు నిర్ణయిస్తుంది.

కోత పడిన చోట కణజాలం దెబ్బతిని కొన్ని రసాయనాలు ఊరతాయి. వాటివల్ల అక్కడి నరాలు చిన్న తాకిడికే గట్టిగా స్పందిస్తాయి. ఇంతవరకు అందరికీ ఒకటే. ఆ కబురు వెన్నుపాములోంచి మెదడుకు చేరేలోగా పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది మాత్రం మనిషిని బట్టి ఉంటుంది. ఏళ్ళ తరబడి నొప్పి పడ్డవాళ్ళలో ఆ దారి ముందే సున్నితమై ఉంటుంది కాబట్టి కోత నొప్పి వాళ్ళకు ఎక్కువగా తెలుస్తుంది. మోకాలి ఒక్కదానికే కాదు, ఏళ్ళుగా నడుము నొప్పి, ఒళ్ళు నొప్పులు ఉన్నా అంతే. రోజూ ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు వాడుతూ వచ్చినవాళ్ళకు మామూలు మోతాదు ఆనదు.

తరవాత భయం, దిగులు, నిద్రలేమి. ‘ఇదంతా మనసులో ఉన్నదే’ అని వీటిని తీసిపారేసేవాళ్ళున్నారు, అది తప్పు. ఆందోళన, కుంగుబాటు ఉన్నవాళ్ళకు ఆపరేషన్ తరవాత నొప్పి ఎక్కువని చాలా అధ్యయనాల్లో తేలింది. పొగతాగేవాళ్ళకు, ఒళ్ళు బరువున్నవాళ్ళకు కూడా ఎక్కువే. సగటున చూస్తే మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు కొంత ఎక్కువ. వయసు సంగతి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. నిజానికి కుర్రవాళ్ళకే నొప్పి ఎక్కువ, పెద్దవయసులో కొంత తక్కువ. అలాగని పెద్దవాళ్ళకు మందు తగ్గించి ఊరుకోమని కాదు. వాళ్ళకు మందు తొందరగా తలకెక్కుతుంది కాబట్టి తక్కువతో మొదలుపెట్టి చూసి పెంచుతారు.

ఆపరేషన్ రకం లెక్క వేరే. మోకాలి మార్పిడి, పక్కటెముకల మధ్య ఛాతీ తెరిచే ఆపరేషన్, వెన్నెముక ఆపరేషన్, పొట్ట మీద పొడుగు కోత, ఇవి ఎక్కువ నొప్పి పెట్టే జాబితాలోవి. మోకాలి మార్పిడి చేయించుకున్న ఐదుగురిలో ఒకరికి దాకా నెలలు గడిచినా నొప్పి మిగలవచ్చు. మీ వీధిలో రెండో ఆవిడ ఏడవడంలో వింతేమీ లేదు, ఆవిడ ఓర్పు లేని మనిషీ కాదు.

ఇప్పుడు చేయాల్సినవి చెబుతాం. అమ్మ వాడే ప్రతి మందూ, అంటే బీపీ, షుగర్, నిద్రమాత్ర, పక్క ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే పేరు తెలియని పొట్లం సహా, ఒక సంచిలో వేసి మత్తు డాక్టరు ముందు పెట్టండి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారో చెప్పండి. వెనక ఏదైనా ఆపరేషన్‌కి వాంతులు ఆగకుండా అయి ఉంటే అదీ చెప్పండి. తొడ కండరం కోసం మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి 5 లెక్కపెట్టి వదలాలి. పూటకి 10 సార్లు, రోజుకి 3 పూటలు. కండరం బలంగా ఉంటే ఆపరేషన్ తరవాత లేచి నిలబడటం తేలిక.

తొడ దగ్గర నరానికి మందు వేసే ‘బ్లాక్’ సదుపాయం ఉందా అని అడగండి. అది ఉంటే మొదటి రోజు బాగా గడుస్తుంది. కానీ చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బ్లాక్ ఉన్నంతసేపు ‘నొప్పి లేదు కదా’ అని మాత్రలు వద్దంటారు. పన్నెండో గంటకో, పద్దెనిమిదో గంటకో అది వదిలేసరికి నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది, అప్పుడు వేసిన మాత్ర పనిచేయడానికి గంట పడుతుంది. తిమ్మిరి ఇంకా ఉండగానే మాత్ర కడుపులో పడాలి.

ఇంటికొచ్చాక మోకాలి కింద తలగడ పెట్టకండి. హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. ఎత్తు కావాలంటే మడమ కింద పెట్టండి. ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి 15–20 నిమిషాలు పెట్టి తీయాలి, నేరుగా చర్మానికి ఆనించకూడదు. ఫిజియోథెరపీకి ముప్పావుగంట ముందు మాత్ర వేయాలి, తరవాత కాదు.

ప్రశ్న: మా నాన్నగారిది కవిటి దగ్గర ఊరు, ఇప్పుడు బరంపురంలో మా దగ్గరే ఉంటున్నారు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.9, అంటే ఎక్కువే. హెర్నియా ఆపరేషన్ అయింది. చీటీలో రాసిన మాత్ర చాలక మందుల షాపులో అడిగితే డైక్లోఫెనాక్, దాంతోపాటు గ్యాస్ మాత్ర ఇచ్చారు. ఇంజక్షన్ అయితే కిడ్నీకి పోదని తెలిసినాయన అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: నిజం కాదు. ఆ మాత్ర ఈ రోజే ఆపేసి, ఆపరేషన్ చేసిన డాక్టరుకి చెప్పండి.

మింగినా, పిరుదు మీద పొడిచినా డైక్లోఫెనాక్ రక్తంలో కలిసి కిడ్నీకే చేరుతుంది. కిడ్నీలోకి రక్తం తీసుకెళ్ళే సన్నటి నాళాలను తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను ఈ జాతి మందులు ఆపేస్తాయి. కిడ్నీ బాగున్నవాళ్ళకు నాలుగు రోజులు వాడితే సాధారణంగా ఏమీ కాదు. క్రియాటినిన్ 1.9 ఉన్నవాళ్ళకు, అందులోనూ ఆపరేషన్‌కి ఉపవాసం ఉండి, ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు, అది గట్టి దెబ్బ. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర, మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర, వీటికి తోడు డైక్లోఫెనాక్, ఈ మూడూ కలిస్తే మరీ ప్రమాదం. షాపువాళ్ళిచ్చిన గ్యాస్ మాత్ర కడుపులో పుండు పడకుండా కాపాడుతుంది, కిడ్నీని కాపాడదు. ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, కీటొరొలాక్, ‘కడుపుకి మంచిది’ అని అమ్మే ఎటోరికాక్సిబ్, అన్నీ ఈ విషయంలో ఒకే గూటివి.

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస వైపు నుంచి బరంపురం ఆసుపత్రులకు వచ్చేవాళ్ళందరికీ ఒక మాట. ఈ ఊళ్ళున్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఏ లక్షణమూ లేకుండా ముదురుతుంది. ‘నాకేం లేదు’ అనుకునేవాళ్ళు కూడా ఆపరేషన్‌కి ముందు చేసే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతో అడిగి తెలుసుకోండి. అది తెలియకుండా నొప్పి ఇంజక్షన్ వేయించుకోవద్దు.

మరి నాన్నగారికి ఏం ఇవ్వాలి? మొదటిది పారాసిటమాల్. ఇది కిడ్నీకి భారం కాదు, కాకపోతే వేళకి పడాలి. 50 కిలోలు దాటిన మనిషికి ఒకసారికి 650 మిల్లీగ్రాములు, 6 గంటలకోసారి, రోజుకి 4 సార్లు. మొత్తం 2,600 అవుతుంది, గరిష్ఠ పరిమితి 4,000 మిల్లీగ్రాములకు చాలా దిగువ. ఇంకా అవసరమైతే ఒకసారికి 1,000 దాకా డాక్టరే పెంచుతారు. 40 కిలోల బక్కమనిషికైతే ఒకసారికి 500 చాలు. లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, రోజూ తాగేవాళ్ళు రోజు మొత్తంలో 2,000 దాటకూడదు. ‘నొప్పికి’ అని విడిగా కొన్న మాత్రలు చాలావాటిలో 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ముందే కలిసి ఉంటుంది. అట్ట వెనక సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, కూడి చూసుకోండి.

అది చాలకపోతే ట్రమడాల్. దీన్ని 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు, చీటీ లేకుండా అమ్మకూడదు. కిడ్నీ బాగా తగ్గినవాళ్ళకు ఇది ఒంట్లోనే నిలిచిపోతుంది కాబట్టి మోతాదు తగ్గించి 12 గంటలకోసారి ఇస్తారు. ఫిట్స్ ఉన్నవాళ్ళకు, దిగులు జబ్బుకి మాత్రలు వాడేవాళ్ళకు అసలు ఇవ్వకపోవడమే మంచిది. హెర్నియాకైతే ఆపరేషన్ బల్ల మీదే కోత చుట్టూ తిమ్మిరి మందు వేయించుకోవడం వీటన్నిటికంటే మేలు. ఇంట్లో ఇంకెవరికైనా ఆపరేషన్ ఉంటే ముందే అడగండి.

ప్రశ్న: కెమెరా పెట్టి పిత్తాశయం తీశారు. పొట్ట మీద నొప్పి తక్కువే గానీ కుడి భుజం పీకేస్తోంది. గుండెపోటేమోనని ఇంట్లో అందరూ హడలిపోయారు.
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: కెమెరా ఆపరేషన్‌కి పొట్టను కార్బన్ డయాక్సైడుతో ఉబ్బిస్తారు. దానివల్ల పొట్టకీ ఛాతీకీ మధ్య ఉన్న డయాఫ్రం పొర సాగి రేగుతుంది. ఆ పొర నరమూ భుజం నరాలూ మెడలో ఒకే చోట నుంచి బయల్దేరతాయి కాబట్టి మెదడు దాన్ని భుజం నొప్పిగా చదువుకుంటుంది. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గడం దీని గుర్తు. ఒకటి నుంచి మూడు రోజుల్లో పోతుంది. గదిలో అటూ ఇటూ నడవడం, గంటకోసారి పది నిండు శ్వాసలు, భుజానికి వేడి కాపడం చాలు. చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే బిగువు ఉంటే మాత్రం ఆలోచించకుండా ఈసీజీకి వెళ్ళండి.

ప్రశ్న: మా మామయ్యకి 50 ఏళ్ళు. తొడ ఎముక విరిగి ఎల్లుండి ఆపరేషన్. రోజూ ఇప్పసారా తాగుతారు. మా అత్తకి కూడా వచ్చే నెల గర్భసంచి ఆపరేషన్ ఉంది, ఆవిడకి గుడాకు అలవాటు. డాక్టరుకి చెబితే తిడతారని ఇద్దరూ దాచేస్తున్నారు. దీనికీ నొప్పికీ సంబంధం ఏముంది?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: చాలా ఉంది. తిడితే తిట్టనివ్వండి, చెప్పండి.

రోజూ తాగే మనిషికి మత్తు మందూ, నొప్పి మందూ మామూలు లెక్కకు అందవు. దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. చుక్క మానేసిన 6–24 గంటల్లో చేతులు వణకడం, చెమట, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. రెండో రోజో మూడో రోజో మతి చలించి సెలైన్ పీకేయడం, మంచం దిగి పరిగెత్తడం, ఫిట్స్ దాకా వెళ్ళవచ్చు. వార్డులో అది చూసి ‘నొప్పికి ఓర్చుకోలేక గోల చేస్తున్నాడు’ అనుకుని ట్రమడాల్ పెంచితే ఫిట్స్ ముప్పు ఇంకా పెరుగుతుంది. ముందే తెలిస్తే దానికి వేరే మందులు, థయమిన్ (బి1 విటమిన్) ఇంజక్షన్ సిద్ధంగా ఉంచుతారు. చివరిసారి ఎప్పుడు తాగారు, రోజుకి ఎంత, ఈ రెండూ చెబితే చాలు. ఆయన్ని డాక్టరుకి చెప్పకుండా మీరే ఇంట్లో ఒక్కసారిగా మాన్పించే పని మాత్రం పెట్టుకోవద్దు.

గుడాకు బెల్లప్పాకంతో కలిపిన పొగాకే, చిగుళ్ళకి రాస్తే నికోటిన్ నేరుగా రక్తంలోకి పోతుంది. అలవాటున్నవాళ్ళు వార్డులో చేరగానే అది ఆగిపోతుంది. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం కుట్ల నొప్పికి తోడై రెట్టింపనిపిస్తాయి. చుట్ట, బీడీ అయితే గాయం మానడం కూడా ఆలస్యమవుతుంది, దగ్గు వచ్చిన ప్రతిసారీ కుట్లు లాగుతాయి. నాలుగు వారాల ముందు మానితే గాయానికీ ఊపిరితిత్తులకీ మంచిది. అత్తకి నెల టైముంది, నికోటిన్ చూయింగ్ గమ్ సాయంతో ప్రయత్నించవచ్చు. మానలేకపోయినా, ఆపరేషన్ రోజు పొద్దున మాత్రం ‘పళ్ళు తోముకుంటున్నా’ అని గుడాకు రాయకూడదు.

ప్రశ్న: మా అమ్మమ్మని పేగు ఆపరేషన్‌కి కటక్ తీసుకెళ్తున్నాం. ఆవిడకి తెలుగు తప్ప మరో ముక్క రాదు, నర్సులకి ఒడియా. పైగా ఎవర్నీ ఏమీ అడగరు, పళ్ళ బిగువున ఉంటారు. నొప్పి ఎంతుందో వాళ్ళకెలా తెలుస్తుంది?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: వేళ్ళతో. సున్నా అంటే పిడికిలి, అసలు నొప్పి లేదు. పది వేళ్ళూ చూపిస్తే ఇంతకు మించిన నొప్పి ఉండదని. ఇదే లెక్కను చాలా ఆసుపత్రులు కేసుషీటులో రాసుకుంటాయి. ఇంట్లోనే అమ్మమ్మ చేత నాలుగుసార్లు వేళ్ళు చూపించేలా చేసి అలవాటు చేయించండి. చేరిన రోజే డ్యూటీ నర్సుకి ఈ సైగ చూపించి చెప్పండి.

ఒక మెలిక ఉంది. కదలకుండా పడుకున్నప్పుడు అడిగితే ఎవరైనా రెండు వేళ్ళే చూపిస్తారు. దగ్గమని చెప్పి, పక్కకి తిరగమని చెప్పి అప్పుడు అడగాలి. అప్పుడు ఏడో ఎనిమిదో వస్తే మందు ఆ ఎనిమిదికి సరిపడాలి. ఎందుకంటే నొప్పికి భయపడి దగ్గనివాళ్ళకు కఫం కిందికి దిగి న్యుమోనియా పడుతుంది. కదలనివాళ్ళకు పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది. దగ్గేటప్పుడు తలగడ మడిచి రెండు చేతులతో పొట్ట కోతకి అదిమి పట్టుకోవాలి. లేచేటప్పుడు తిన్నగా లేవకూడదు. మోకాళ్ళు మడిచి, పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు మంచం దింపి, మోచేత్తో నెట్టుకుని లేవాలి.

మందు ‘అడిగితే ఇచ్చేది’గా రాశారా, ‘ఆరు గంటలకోసారి’గా రాశారా అని అడగండి. మీ అమ్మమ్మలాంటి మనిషికి మొదటి రెండు మూడు రోజులు రెండోదే రాయించుకోవాలి. అడగని మనిషికి ‘అడిగితే ఇచ్చేది’ ఎప్పటికీ అందదు.

ప్రశ్న: ఆరు రోజుల కిందట గర్భసంచి తీశారు. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని అత్తగారు చారన్నమే పెడుతున్నారు. నాలుగు రోజులుగా విరేచనం లేదు, ముక్కితే కుట్లు చీల్చినట్టుంది.
— ఒక పాఠకురాలు, ఛత్రపురం

జవాబు: చీము సూక్ష్మజీవుల వల్ల, అదుపులో లేని షుగర్ వల్ల పడుతుంది. పప్పుకీ గుడ్డుకీ ఆ పాపం అంటదు, గాయం పూడటానికి కావాల్సిన మాంసకృత్తులు వాటిలోనే ఉన్నాయి. అత్తగారికి మా మాటగా చెప్పండి. ట్రమడాల్ వాడుతుంటే అదే మలబద్ధకం తెస్తుంది. పారాసిటమాల్ సరిపోతే దాన్ని మానేయండి. రాత్రి గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల ఇసబ్గోల్, లేదా 15 మిల్లీలీటర్ల లాక్టులోజ్. ఆకుకూర, అరటిపండు, రోజుకి రెండున్నర లీటర్ల నీళ్ళు. పొట్ట ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే ఇవేవీ వాడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: సిజేరియన్ అయి ఐదు నెలలు. వెన్నులో సూది పొడిచినందుకే నడుము నొప్పి, ఇది జీవితాంతం ఉంటుందని అందరూ అంటున్నారు.
— ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొక్కితే నొప్పి ఉంటుంది, అంతే. ఏళ్ళ నడుము నొప్పికి ఆ సూది కారణమని అధ్యయనాల్లో తేలలేదు. మామూలు కాన్పు అయినవాళ్ళకీ ఈ నొప్పి వస్తుంది. గర్భంలో కీళ్ళ పట్లు సడలడం, పొట్ట కండరాలు వదులవడం, కింద కూర్చుని వంగి పాలివ్వడం అసలు కారణాలు. గోడకి ఆనుకుని, ఒళ్ళో రెండు తలగడలు వేసి, మీరు వంగకుండా బిడ్డనే రొమ్ము ఎత్తుకి తెచ్చుకోండి. పాలిచ్చే తల్లి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వాడవచ్చు. ట్రమడాల్, కోడీన్ వద్దు.

సూది వల్ల నిజంగా వచ్చేది తలనొప్పి. ఒకటి రెండు రోజుల్లో మొదలై, లేచి కూర్చుంటే పగిలిపోయి, పడుకోగానే తగ్గుతుంది. వెన్ను నీరు సన్నగా కారడం దానికి కారణం. చాలావరకు దానంతటదే మానుతుంది. మానకపోతే మీ రక్తమే కొంచెం తీసి అక్కడ ఎక్కించి రంధ్రం మూస్తారు. పడుకున్నా తగ్గని తలనొప్పి, జ్వరం, చూపు మసక, బీపీ ఎక్కువ ఉంటే అది వేరే జబ్బు, ఆ రోజే చూపించాలి.

ప్రశ్న: హెర్నియాకి జాలీ వేసి ఐదు నెలలైంది. గాయం మానింది, కానీ గజ్జల్లో కారం రాసినట్టు మంట. లుంగీ తగిలినా ఓర్చుకోలేను. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు.
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మూడు నెలలు దాటి మిగిలిన నొప్పిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు విడి జబ్బుగానే లెక్కిస్తోంది. హెర్నియా తరవాత సుమారు పదిమందిలో ఒకరికి ఇది ఉంటుంది. చిన్న వయసు, ఆపరేషన్‌కి ముందే నొప్పి ఉండటం, మొదటి వారంలో నొప్పి సరిగ్గా అదుపులోకి రాకపోవడం దీనికి దారితీసేవి. మీరు చెప్పినదాన్ని బట్టి గజ్జల్లోంచి పోయే సన్నటి నరం మచ్చలోనో జాలీలోనో ఇరుక్కుని ఉండవచ్చు, స్కానింగ్‌లో అది కనబడదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఒక పని చేయండి. దూది ముక్కతో ఒకసారి, చల్లటి స్టీలు చెంచాతో ఒకసారి మచ్చ చుట్టూ మెల్లగా రాస్తూ పోండి. ఎక్కడ తిమ్మిరిగా ఉందో, ఎక్కడ మంట పుడుతోందో పెన్నుతో గీసుకోండి. ఆ గీతను చూస్తే ఏ నరమో డాక్టరు అంచనా వేయగలుగుతారు. డైక్లోఫెనాక్ లాంటివి ఈ మంటకి దాదాపు పనిచేయవు. రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్‌తోనో, గాబాపెంటిన్‌తోనో మొదలుపెడతారు. ఫలితం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారంలో ఆపేసి ‘పనిచేయలేదు’ అనకండి, మానేటప్పుడు కూడా మెల్లగా తగ్గించాలి. తగ్గకపోతే ఆ నరం దగ్గర ఇంజక్షన్. మళ్ళీ కోయడం ఆఖరి మాట.

ప్రశ్న: బరంపురంలో పొట్ట ఆపరేషన్ అయి నాలుగో రోజు డిశ్చార్జి. మోహన దగ్గర మా ఊరికి తప్తపాణి ఘాటీ మీదుగా రావాలి. కుదుపులకు కుట్లు తెగుతాయా?
— ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: తెగవు, నొప్పి మాత్రం పెడుతుంది. బయల్దేరడానికి గంట ముందు మాత్ర, ఘాటీ మలుపులకి వాంతి వచ్చే అలవాటుంటే వాంతి మాత్ర కూడా వేయండి. వాంతికి కుట్లు లాగినంతగా గోతులకి లాగవు. బస్సయితే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య సీటు, కారైతే ముందు సీటు కొంచెం వెనక్కి వాల్చి. పొట్టకీ బెల్టుకీ మధ్య తలగడ. దిగపహండిలో ఒకసారి ఆపించి పది నిమిషాలు నడిపించండి.

ఊరు చేరాక నొప్పి రోజురోజుకీ తగ్గుతూ ఉండాలి. తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగినా, 100.4 దాటి జ్వరం వచ్చినా, కోత ఎర్రబడి చెమ్మగిల్లినా, ఒక పిక్క మాత్రమే వాచి నొక్కితే నొప్పిగా ఉన్నా, మూత్రం బిగిసినా మాత్ర పెంచి చూడొద్దు. ఆ రోజే వెనక్కి వెళ్ళాలి. ఆయాసంతో ఛాతీ నొప్పి వస్తే ఘాటీ దిగేదాకా కూడా ఆగకుండా 108కి ఫోన్ చేసి, దగ్గరలో ఉన్న ఆసుపత్రికే చేర్చండి.